సైనిక్‌పురిలో కట్టెల పొయ్యి పిజ్జా: పైన మాడింది, అడుగు పచ్చి. పద్ధతే అంతా?

గోరుచిక్కుడు | శనివారం, రాత్రి 11.05

సైనిక్‌పురిలో కొత్తగా తెరిచిన పిజ్జా దుకాణానికి ఇవాళ నలుగురం వెళ్ళివచ్చాం. నేను, మావారు, పదేళ్ళ మా అమ్మాయి, తణుకు నుంచి వచ్చిన మా నాన్నగారు. దుకాణం పేరు రాయడం లేదు, ఈ వేదిక నియమం తెలిసిందే. పాత ఇంటి ముందు వేపచెట్టు, దాని కింద ఇనుప కుర్చీలు, రోడ్డు మీదికి కనిపించేలా ఇటుకలతో కట్టిన గుమ్మటం పొయ్యి. ఆ దారిన పోయేవారికి ఈ గుర్తులు చాలు.

రాత్రి తొమ్మిదికి చేరాం. జనం కిటకిటలాడుతున్నారు. ముప్పావుగంట నిలబెట్టారు. ఆ ముప్పావుగంటా మా నాన్నగారు పొయ్యి ముందు నుంచి కదలలేదు. అక్కడ పిండి సాగదీస్తున్న కుర్రాడు ఇంతకు ముందు తందూరి రొట్టెలు చేసేవాడట. వాళ్ళిద్దరికీ అప్పుడే స్నేహం కుదిరింది.

పెద్ద మార్గరీటా ఒకటి, పెద్ద గోంగూర చికెన్ పిజ్జా ఒకటి, వెల్లుల్లి రొట్టె, రెండు నిమ్మ సోడాలు చెప్పాం. మార్గరీటా వాసనకే కడుపు నిండింది. టమాటా గుజ్జు ఉడికించినట్టు లేదు, పచ్చి టమాటా తీపి నాలుకకు తగులుతోంది. అంచు బూరెలా పొంగింది, లోపల గాలి గదులు. ఇంతవరకు బ్రహ్మాండం. కాని ముక్క చేత్తో ఎత్తితే కొన వేలాడి, జున్ను (చీజ్), గుజ్జు మొత్తం పళ్ళెంలోకి జారిపోయాయి. నడుమ తడితడిగా ఉంది. అంచు మీద నల్లటి మచ్చలు, అడుగున చూస్తే తెల్లగా, పిండిపిండిగా. మా నాన్నగారు ఒక ముక్క తిరగేసి చూసి, "దిబ్బరొట్టె ఇలా మాడితే మీ అమ్మను కోప్పడేవాణ్ణి. ఇక్కడ డబ్బిచ్చి మరీ తింటున్నాం" అన్నారు.

వడ్డించే అబ్బాయిని అడిగితే, "అసలైన ఇటలీ పిజ్జా ఇలాగే ఉంటుందండి" అన్నాడు. నిజమేనా? లేక తెలియనివాళ్ళకు చెప్పే మాటా? తెలిసినవాళ్ళు చెప్పండి.

నిద్రమత్తు | శనివారం, రాత్రి 11.19

మాడితే ఇటలీ, పచ్చిగా ఉంటే ఇటలీ. మా ఇంట్లో నేను వండేదంతా ఇటలీ వంటేనని ఈ రోజే తెలిసింది.

తూర్పుగాలి | ఆదివారం, తెల్లవారుజామున 2.40

నేను మూడేళ్ళుగా మిలాన్‌లో చదువుకుంటున్నాను. నాపోలికి (నేపుల్స్ నగరానికి) రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ పిజ్జా కోసమే, ఇంట్లో మాత్రం మ్యూజియం కోసమని చెప్పాను.

ఆ అబ్బాయి చెప్పింది సగం నిజం. నాపోలి పద్ధతి పిజ్జా నడుమ మెత్తగా, కాస్త తడిగానే ఉంటుంది. అక్కడ చాలామంది కత్తి, ఫోర్కుతో తింటారు. వీధిలో కొంటే నాలుగు మడతలు వేసి చేతిలో పెడతారు. కరకరలాడే పిజ్జా కావాలంటే రోమ్ పద్ధతి వేరే ఉంది, అది అప్పడంలా పలచన. ఇక నాపోలి పిజ్జాకు నియమాలు రాసిపెట్టిన సంఘం ఒకటి 1984లో పుట్టింది. వాళ్ళ లెక్కలో పొయ్యి వేడి 430 నుంచి 485 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో బయటికి రావాలి. ఆ వేడికి అంచు మీద నల్లమచ్చలు పడతాయి. చిరుతపులి మచ్చలని ముద్దుగా పిలుస్తారు. అవి మాడు కాదు. ఈ పిజ్జా చేసే చేతి విద్యను 2017లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో కూడా చేర్చింది.

మిగతా సగం అబద్ధం. నడుమ తడి అంటే గుజ్జు తడి, పిండి పచ్చి కాదు. అడుగున కూడా అవే గోధుమరంగు మచ్చలు పడాలి. అడుగు తెల్లగా ఉందంటే అది పద్ధతి కాదు, పొరపాటు. ఒక్క మాట అడుగుతాను: పళ్ళెంలో నీళ్ళు ఊరాయా?

గోరుచిక్కుడు | ఆదివారం, ఉదయం 7.15

ఊరాయి. ఒక చెంచాడు పైనే. పాలనీళ్ళలా తెల్లగా ఉన్నాయి.

తూర్పుగాలి | ఆదివారం, మధ్యాహ్నం 12.30

అయితే అది తాజా మోజరెల్లా జున్ను నీరు. విరగబెట్టిన పాలను వేడినీళ్ళలో సాగదీసి, ముద్దలు చేసి, నీళ్ళలోనే నిలవ ఉంచుతారు. ముక్కలు కోశాక కొన్ని గంటలు జల్లెడలో పెట్టి నీరు దిగనివ్వాలి. రద్దీ రాత్రుల్లో ఆ ఓపిక ఎవరికి ఉంటుంది? దానికి తోడు మన టమాటాలో రసం ఎక్కువ. ఇక్కడ వాడే సాన్ మార్జానో రకం పొడుగ్గా, కండగా ఉంటుంది, గింజలు తక్కువ. నలిపి ఉప్పు వేస్తే చాలు, ఉడికించరు. మన టమాటాతో అదే పని చేస్తే పులుసు పోసినట్టే.

పాత భట్టీ | ఆదివారం, మధ్యాహ్నం 3.50

నేను సికింద్రాబాదులో ముప్పై ఏళ్ళు బేకరీ నడిపాను. కట్టెల భట్టీ మాది. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక మానేశాను. పిజ్జా నేను చేయలేదు కాని పొయ్యి సంగతి నాకు తెలుసు, అందుకని రెండు మాటలు రాస్తాను, పెద్దరికం అనుకోకండి.

పొయ్యికి రెండు వేడులు ఉంటాయి. గుమ్మటం నుంచి దిగే వేడి ఒకటి, నేల వేడి ఒకటి. మంట రాజేస్తే గుమ్మటం తొందరగా ఎర్రబడుతుంది. నేల ఇటుక మాత్రం మెల్లగా తాగుతుంది, మెల్లగా ఇస్తుంది. సాయంత్రం ఆరు గంటలకు నేల నిండుగా వేడి తాగి ఉంటుంది. అప్పుడు వేసిన రొట్టె అడుగు చక్కగా కాలుతుంది. తరవాత రద్దీ మొదలవుతుంది. ఒకదాని వెంట ఒకటి తడిపిండి నేల మీద పడుతూ ఉంటే, ప్రతి పిజ్జా ఆ ఇటుకల నుంచి ఇంత వేడి పీల్చుకుపోతుంది. ఒకచోటే వేసి తీసి వేసి తీస్తే ఆ చోటు చల్లారిపోతుంది. కుర్రాడు కంగారుపడి ఇంకో రెండు కట్టెలు పడేస్తాడు. మంట లేస్తుంది, గుమ్మటం భగ్గుమంటుంది, పైభాగం క్షణంలో నల్లబడుతుంది. నేల మాత్రం అలాగే ఉంటుంది. పైన నల్లగా ఉందని పిజ్జాను బయటికి లాగేస్తాడు. మీకు వచ్చింది అదే: పైన మాడు, కింద పచ్చి.

మందు లేకపోలేదు. నిప్పులను నేలంతా పరిచి పది నిమిషాలు ఆగి, మళ్ళీ పక్కకు నెట్టి, తడిగుడ్డతో బూడిద తుడిచి వేయాలి. రెండు చోట్లు మార్చి మార్చి వాడాలి. తొమ్మిది గంటలకు బయట నలభై మంది నిలబడి ఉన్నప్పుడు పది నిమిషాలు పొయ్యి ఆపే యజమాని ఉంటే వాడికి దండం పెట్టవచ్చు. మేము పండగ రోజుల్లో ఆపలేదు, నిజం చెబుతున్నాను.

ఇంకొకటి. ఆ కుర్రాడు తందూరు నుంచి వచ్చాడన్నారు. తందూరులో రొట్టె గోడకు అంటుకుంటుంది, కాలిందా లేదా అని పైనుంచి చూస్తే చాలు. ఇక్కడ అడుగు ఎత్తి చూడాలి. ఆ అలవాటు రావడానికి నెలలు పడుతుంది. కోప్పడకండి, నేర్చుకుంటాడు.

గోరుచిక్కుడు | ఆదివారం, సాయంత్రం 4.25

మీ జవాబు మా నాన్నగారికి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు. "నేను చెప్పలేదూ, నేల చల్లారిందని" అంటున్నారు. ఆయన అలా ఎప్పుడూ చెప్పలేదు.

కోణమానిని | ఆదివారం, సాయంత్రం 5.10

పెద్దది తీసుకున్నారు, మంచి పని చేశారు. ధరల పట్టిక ఎవరైనా చెప్పగలరా? పిజ్జా దుకాణాల్లో చిన్నది, పెద్దది అన్నచోట మనవాళ్ళు తరచూ మోసపోయేది దుకాణం వల్ల కాదు, లెక్క వల్ల.

గోరుచిక్కుడు | ఆదివారం, సాయంత్రం 5.22

మార్గరీటా చిన్నది 8 అంగుళాలు, 260 రూపాయలు. పెద్దది 12 అంగుళాలు, 420. గోంగూర చికెన్ పెద్దది 560.

కోణమానిని | ఆదివారం, సాయంత్రం 5.40

చూడండి. చిన్నవి రెండు తీసుకుంటే 520 రూపాయలు, వచ్చేది సుమారు 100 చదరపు అంగుళాలు. పెద్దది ఒకటి 420 రూపాయలు, వచ్చేది 113. వంద రూపాయలు తక్కువ ఇచ్చి ఎక్కువ తింటున్నారు. మా తొమ్మిదో తరగతి పిల్లలకు వృత్త వైశాల్యం చెప్పేటప్పుడు ఇదే ఉదాహరణ ఇస్తాను, ఆ ఒక్క రోజే వెనక బల్లలు మేలుకుని ఉంటాయి.

అంచు సంగతి ఇంకా విచిత్రం. చుట్టూ ఒక అంగుళం వెడల్పున ఉట్టి అంచు వదిలారనుకోండి. 8 అంగుళాల పిజ్జాలో దాదాపు 44 శాతం అంచే. 12 అంగుళాలదానిలో అది 31 శాతానికి దిగుతుంది. అంచు వదిలేసే పిల్లలున్న ఇల్లయితే చిన్న పిజ్జా కొనడమంటే సగానికి దగ్గరగా పారేయడానికి కొన్నట్టే.

నిద్రమత్తు | ఆదివారం, సాయంత్రం 5.44

నేను వెనక బల్లవాణ్ణే. ఈ లెక్క అప్పుడు చెప్పి ఉంటే ఇంజనీరునయ్యేవాణ్ణి.

చిల్లర లెక్క | ఆదివారం, రాత్రి 8.05

బిల్లు ఎంతయిందో రాయలేదు. సేవా రుసుము వేశారా?

గోరుచిక్కుడు | ఆదివారం, రాత్రి 8.30

వేశారు. మొత్తం 1,440 అయింది. దాని మీద ఏడున్నర శాతం సేవా రుసుమని 108. ఆ రెండూ కలిపిన మొత్తం మీద 5 శాతం జీఎస్టీ. చివరికి 1,625. మావారు ఇవ్వబోతుంటే నేను ఆపి, రుసుము తీసేయమన్నాను. లోపలికి వెళ్ళి మాట్లాడి వచ్చి తీసేశారు, 1,512 కట్టాం. మొహం మాత్రం ముడుచుకున్నారు. ఆ కుర్రాడికి, వడ్డించిన అబ్బాయికి చెరో యాభై మా నాన్నగారు చేతిలో పెట్టారు.

చిల్లర లెక్క | ఆదివారం, రాత్రి 8.52

సరిగ్గా చేశారు. సేవా రుసుమును బిల్లులో వాళ్ళంతట వాళ్ళు కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ళ సంఘాలు కోర్టుకు వెళ్ళాయి. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. తీసేయకపోతే వినియోగదారుల సహాయ నంబరు 1915కి ఫోను చేయవచ్చు. అయితే జీఎస్టీతో దీన్ని కలిపేసుకుని దుకాణంవాళ్ళతో గొడవ పెట్టుకోకండి, అది ప్రభుత్వానికి పోయేది, కట్టాల్సిందే.

పన్నుల మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. పిజ్జా మీద చల్లే "టాపింగ్" అనే సరుకు జున్ను కిందికి వస్తుందా అని ఒక వ్యాపారి అడిగితే, హరియాణాలో అప్పీలు అధికారులు 2022లో రాదన్నారు. అందులో పాలకొవ్వుతో పాటు వంటనూనె కొవ్వు కూడా ఉందని తేల్చి 18 శాతం పన్ను వేశారు. అంటే మనం సాగదీసి సాగదీసి మురిసిపోయే తెల్లటి తీగ ప్రతిసారీ జున్నే కానక్కరలేదు. పట్టికలో "మోజరెల్లా" అని ఉందా, ఉట్టి "చీజ్ టాపింగ్" అని ఉందా చూసుకోండి.

తులసికోట | సోమవారం, ఉదయం 9.20

చాలాకాలంగా ఈ వేదిక చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. మా అత్తగారు గుడ్డు కూడా ముట్టరు. పిజ్జా తినాలని ఆవిడకు మనసులో ఉంది, పైకి అనరు. టీవీలో వస్తే ఛానెల్ మార్చనివ్వరు, అంతే. జున్నులో ఏదో కలుపుతారని విన్నాను. తీసుకెళ్ళవచ్చా?

తూర్పుగాలి | సోమవారం, మధ్యాహ్నం 1.15

మీరు విన్నది నిజం. పాలు గడ్డకట్టడానికి తోడులా రెన్నెట్ వేస్తారు. పాతకాలం పద్ధతిలో దాన్ని లేగదూడ కడుపు నుంచి తీస్తారు. ఇటలీ పార్మిజానో రెజానో జున్నుకి ఇప్పటికీ అదే వాడతారు, వేరేది వాడితే ఆ పేరు పెట్టుకోనివ్వరు. మన దేశంలో ఆకుపచ్చ చుక్కతో అమ్మే మోజరెల్లాలో సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్ ఉంటుంది, దానితో ఇబ్బంది లేదు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒకటే: పైన తురిమి చల్లేది పార్మిజానోనా? వద్దని చెబితే సరిపోతుంది. అలాగే మాంసం పిజ్జాలు కూడా అదే పొయ్యి నేల మీద వేస్తారు. ఆవిడకు అది పట్టింపు అయితే మాత్రం నేను హామీ ఇవ్వలేను.

తులసికోట | సోమవారం, మధ్యాహ్నం 1.40

పట్టింపే. అయితే ఇంట్లోనే చేయాలేమో.

బెజవాడ ఎండ | సోమవారం, సాయంత్రం 6.00

ఇల్లే మేలండి. 1996లో డామినోస్ ఢిల్లీలో, పిజ్జా హట్ బెంగళూరులో మొదటి దుకాణాలు తెరిచాయి, మా విజయవాడకు అవన్నీ రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పటిదాకా మాకు తెలిసిన పిజ్జా బేకరీ పిజ్జా. గాజు బీరువాలో పొద్దుటి నుంచి కూర్చుని ఉండేది. బన్ను లాంటి దిమ్మ, దాని మీద టమాటా సాస్, క్యాప్సికం, ఉల్లిపాయ, తురిమిన డబ్బా చీజ్. అడిగితే వేడి చేసి, నాలుగు ముక్కలు కోసి, కాగితం పళ్ళెంలో ఇచ్చేవాడు. అదే సాస్ మళ్ళీ పైన సీసాతో జల్లేవాడు. ఇప్పుడు మీరు చెప్పే తడి పిజ్జాలు, మచ్చల పిజ్జాలు తిన్నాను, బాగుంటాయి. కాని వానాకాలం సాయంత్రం నాకు కావలసింది ఆ తియ్యటి దిమ్మే. మీ ఇటలీ స్నేహితుడు నన్ను క్షమించాలి.

పుల్లగోంగూర | సోమవారం, రాత్రి 9.10

ఇంతమంది ఇన్ని రాశారు, అసలు విషయం ఎవరూ అడగరేమిటి? గోంగూర చికెన్ పిజ్జా ఎలా ఉంది?

గోరుచిక్కుడు | సోమవారం, రాత్రి 9.35

రాయకూడదనుకున్నాను. మీ పేరు చూసి రాస్తున్నాను. టమాటా గుజ్జు తీయకుండా దాని మీదే గోంగూర పచ్చడి పూశారు. పులుపు మీద పులుపు. పచ్చడిలోని నూనె, జున్ను నూనె కలిసి పైన మడుగు కట్టింది. చికెన్ ముక్కలు ఎండిపోయాయి. మా అమ్మాయి గోంగూర గీకేసి రొట్టె తింది, మావారు రొట్టె వదిలేసి గోంగూర తిన్నారు. ఇద్దరికీ కలిపి ఒక పిజ్జా సరిపోయింది, ఆ విధంగా లాభమే.

పుల్లగోంగూర | సోమవారం, రాత్రి 9.50

గోంగూర తప్పు కాదది. టమాటా తీసేసి, గోంగూరను నూనె తక్కువగా మగ్గించి, పలచగా పూసి, ఉల్లిపాయ చక్రాలు, ఎండుమిర్చి వేస్తే జున్ను కొవ్వుకు ఆ పులుపు సరిగ్గా నప్పుతుంది. నేను పెనం మీద చేశాను. ఇది వాదన కాదు, అనుభవం.

నిర్వాహకులు | సోమవారం, రాత్రి 10.15

దుకాణం పేరు రాసిన ఒక జవాబును తొలగించాం. మిగతా చర్చ కొనసాగించండి. గోంగూర మీద వేరే చర్చ తెరవమని మనవి, గతంలో అది ఎంత దూరం వెళ్ళిందో అందరికీ గుర్తుండే ఉంటుంది.

కోణమానిని | బుధవారం, రాత్రి 9.00

ఇవాళ వెళ్ళాను. తార్నాక దాకా మెట్రో, అక్కడి నుంచి ఆటో. భట్టీ గారి మాట పట్టుకుని కావాలనే సాయంత్రం ఆరున్నరకు చేరాను. నేను కాక రెండు బల్లల వాళ్ళే ఉన్నారు. పెద్ద మార్గరీటా చెప్పి, జున్ను నీరు వార్చి వేయమని అడిగాను. ఆ కుర్రాడు నవ్వి, "మొన్న ఒక పెద్దాయన కూడా ఇలాగే పొయ్యి పక్కన నిలబడి ప్రశ్నలు వేశారు" అన్నాడు.

చేతి గడియారం చూశాను, 100 సెకన్లు పట్టింది. అడుగు ఎత్తి చూపించమంటే చూపించాడు. గోధుమరంగు మచ్చలు నిండుగా ఉన్నాయి. నడుమ మెత్తగానే ఉంది, కొన వాలింది, కాని ఏదీ జారలేదు. పళ్ళెంలో నీరు లేదు. అంచు నములుతుంటే పుల్లటి వాసన, పిండి ఒక రోజు పైగా పులిసి ఉంటుంది. మొత్తం ఒక్కడినే తినేశాను, 113 చదరపు అంగుళాలు. బిల్లులో సేవా రుసుము లేదు. అడగకుండానే తీసేశారో, మరిచిపోయారో తెలియదు.

కూర్చుని ఏడున్నర దాకా చూశాను. పన్నెండో పిజ్జా నుంచి అడుగులు తెల్లబడటం మొదలైంది.

పాత భట్టీ | బుధవారం, రాత్రి 9.25

లెక్కపెట్టారా! మా దుకాణంలో మీలాంటివారు ఒకరుంటే బాగుపడేవాళ్ళం.

తులసికోట | గురువారం, ఉదయం 8.10

నిన్న రాత్రి ఇంట్లో చేశాను. అర కిలో మైదా, 310 మిల్లీలీటర్ల నీళ్ళు, రెండు చెంచాల ఉప్పు, చిటికెడు ఈస్టు కలిపి ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి, బయట పెట్టి మెత్తబడ్డాక చేత్తో సాగదీశాను. ఇనుప దోసె పెనం పొగలు వచ్చేదాకా కాల్చి, పిండి వేసి, పైన గుజ్జు, ఆకుపచ్చ చుక్క జున్ను వేసి మూత పెట్టాను. అడుగు కాలింది, పైన రంగు రాలేదు. అంటే మీ అందరి సమస్యకు తలకిందులు.

అత్తగారు రెండు ముక్కలు తిన్నారు. మూడోది తీసుకుంటూ, "ఉల్లిపాయ వేసిన ఊతప్పం ఇంతకన్నా తొందరగా అవుతుంది కదా" అన్నారు. మిగిలిన రెండు ముక్కలు పొద్దున్న సన్నసెగ మీద పెనంపై పెట్టి, పక్కన నాలుగు చుక్కల నీళ్ళు చల్లి మూత పెడితే మళ్ళీ కొత్తగా అయ్యాయి. ఆ రెండూ ఆవిడే తిన్నారు.

గోరుచిక్కుడు | గురువారం, రాత్రి 7.45

మా నాన్నగారు ఆదివారం రాత్రి రైలుకు వెళ్ళాల్సింది, టికెట్టు మార్పించుకున్నారు. రేపు ఆరు గంటలకు మళ్ళీ వెళుతున్నాం. పొయ్యి నేల మీద నిప్పులు పరిచే సంగతి ఆ కుర్రాడికి తానే చెబుతారట. భట్టీ గారూ, మీకు వీలైతే రండి, వేపచెట్టు కింద బల్ల దగ్గర ఉంటాం. కుర్చీలు ఎత్తైనవే, మోకాళ్ళకు ఇబ్బంది ఉండదు.

పాత భట్టీ | గురువారం, రాత్రి 8.02

ఆరింటికా? అయిదున్నరకే రండి. పొయ్యి ఎలా రాజేస్తారో చూడాలి.